ఒక 'ఎల్' తగ్గింది: చిన్న పని మీద కొండ దిగినవాళ్ళ చరిత్ర

 

పోస్టు పెద్దదే. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. మేం ఒకే రూంలో ఆరుగురం, అందరం డిగ్రీ. ఆరుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. మాలో ఒకడి ఇంటిపేరులో ఒక అక్షరం తగ్గింది. ఆ అక్షరం కోసం తిరుగుతూ బస్టాండుల్లో, ఆఫీసు వరండాల్లో కూర్చున్న గంటల్లో మాకు చాలా మాటలు వచ్చేయి. కొన్ని మా ముసలివాళ్ళు చెప్పినవి, కొన్ని మా బీఏ చరిత్ర పుస్తకాల్లోవి. అవన్నీ ఒకచోట పెట్టి రాస్తున్నాం.

సంగతి ఇది. మావాడి ఇంటిపేరు కిల్లో. ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో ఇంగ్లీషులో రెండు ఎల్‌లు ఉన్నాయి. పదో తరగతి మెమోలో ఒకటే ఉంది. అంటే మెమో ప్రకారం మావాడు 'కిలో'. ఇన్నేళ్ళూ ఎవరూ చూసుకోలేదు. ఈ ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తు పెడితే పేర్లు కలవడం లేదని వెనక్కి వచ్చేసింది. గడువు నెలాఖరు. స్కాలర్‌షిప్ రాకపోతే ఫీజు మనమే కట్టాలి. వాళ్ళ నాన్న ఏడాదికి ఒకసారి కాఫీ గింజలు అమ్మినప్పుడు తప్ప అంత డబ్బు ఒక్కసారి చూసింది లేదు.

పది నిమిషాల పని అనుకున్నాం. ముగ్గురం తోడుగా వెళ్ళేం. తెల్లవారుజామున తొలి బస్సు, ఘాట్ రోడ్డు, మాలో ఒకడికి వాంతులు. పదిన్నరకు ఆఫీసు దగ్గర దిగేం. ఏ ఆఫీసో రాయడం లేదు. మీ అందరికీ ఒక ఆఫీసు ఉంటుంది, దాన్నే ఊహించుకోండి. పదకొండుంపావుకి తాళం తీసేరు. "సర్వర్ లేదు, సోమవారం రండి" అన్నారు. సోమవారం వెళ్తే మీటింగు. మంగళవారం సర్వర్ ఉంది గానీ జిరాక్స్ కావాలన్నారు, జిరాక్స్ షాపులో కరెంటు లేదు. కరెంటు వచ్చేసరికి భోజనాల టైం. ఫోటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఉంది, నీలం కావాలి. ఫోటో షాపులో చిల్లర లేదని పదిహేను రూపాయలకి చాక్లెట్లు చేతిలో పెట్టేరు. మధ్యాహ్నానికి అన్నీ పట్టుకుని కౌంటర్ దగ్గరకి చేరితే ఆయన మెమో చూసి, "ఏటి బాబూ, కిలో ఎంత?" అన్నాడు.

వరసలో ఉన్నవాళ్ళు నవ్వేరు. మావాడూ నవ్వేడు. మేమూ కొంచెం నవ్వేం, అది నిజమే, దాచడం ఎందుకు. రాత్రి మాత్రం మావాడు మెస్‌కి రాలేదు.

ఆయన చెడ్డవాడేం కాదు. నవ్వేక ఒక సలహా కూడా ఇచ్చేడు. "మెమో మార్పించడం చాలా లేటు. ఆధార్‌లోనే ఒక ఎల్ తీయించేయ్, తొందరగా అయిపోద్ది. కిల్లో అయితే ఏటి, కిలో అయితే ఏటి?"

ఏమవుతుందో చదివే మీకు చెప్పక్కర్లేదు, కానీ కింద నుంచి వచ్చిన కొత్త తమ్ముళ్ళు కూడా గ్రూపులో ఉన్నారు కాబట్టి చెబుతున్నాం. మా వైపు ఇంటిపేర్లు ఊరికే వచ్చినవి కావు. కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి, వంతల అంటే పాము, కిల్లో అంటే పులి. పులి వంశం వాళ్ళు పులి వంశంలో పెళ్ళి చేసుకోరు, వాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. కొత్త ఊరికి వెళ్ళి ఇంటిపేరు చెబితే ఎవరు అన్న, ఎవరు బావ అన్నది వెంటనే తేలిపోతుంది. పైగా రేపు ఉద్యోగం వచ్చేక కుల విచారణ జరిగితే మొదట అడిగేది ఇంటిపేరే. ఒక ఎల్ తీసేస్తే స్కాలర్‌షిప్ వస్తుంది, పులి పోతుంది. మావాడి పిల్లలు 'కిలో'లు అవుతారు.

ఇక్కడి నుంచే మేం చరిత్రలో పడ్డాం. ఎందుకంటే కిలో అన్న మాట మన కొండల మీదకి వచ్చి డెబ్బై ఏళ్ళు కూడా కాలేదు.

అంతకు ముందు ధాన్యానికి మానిక, తవ్వ, సోల, అడ్డెడు, కుంచం. బరువుకి వీసె, మణుగు. వీసె అంటే ఇప్పటి లెక్కలో సుమారు కిలో నాలుగు వందల గ్రాములు, ఎనిమిది వీసెలు ఒక మణుగు. పుస్తకంలో లెక్క ఇంత శుభ్రంగా ఉంటుంది. సంతలో అలా ఉండేది కాదని మాలో ఒకడి నానమ్మ చెబుతుంది. ఆవిడ చిన్నప్పుడు చింతపండు గంప నెత్తిన పెట్టుకుని వాళ్ళమ్మ వెనక సంతకి నడిచేదంట. రాత్రి కోడి కూయకముందు బయలుదేరితే ఎండెక్కేసరికి చేరేవాళ్ళు. సంత మొదట్లోనే, ఇంకా సరుకు దించకముందే, షావుకారి మనుషులు దారికి అడ్డంగా వచ్చి గంప పట్టుకునేవారంట. "మా బాకీ ఉంది గదా, ఇటు తే" అని. ఆ బాకీ ఎప్పటిదో ఎవరికీ గుర్తుండదు. షావుకారి దగ్గర రెండు మానికలు ఉండేవి. మనవాళ్ళ దగ్గర రాగులు, సామలు కొనేటప్పుడు పెద్ద మానికతో గోపురంలా పోయించుకునేవాడు. ఉప్పు అమ్మేటప్పుడు చిన్న మానిక తీసి, పైన చేత్తో సాపు చేసి కొలిచేవాడు. "అది మాకు తెలవదనుకునేవోడు. తెలుసు. తెలిసి ఏటి సేస్తాం, ఉప్పు ఆడి దగ్గరే ఉంది" అంటుంది నానమ్మ.

ఈ చివరి మాట మా రూంలో చాలాసేపు నడిచింది. మనవాళ్ళు అమాయకులు, మోసపోయారు అని పుస్తకాల్లో రాస్తారు. అమాయకులు కాదు. మోసం కనబడుతూనే ఉంది. మరో చోటుకి వెళ్ళే దారి లేదు, మరో రోజు రావడానికి కాళ్ళు లేవు, అంతే. మొన్న ఫోటో షాపులో చాక్లెట్లు తీసుకున్నప్పుడు మేం అమాయకులమా? బస్సు టైం అయిపోతోంది, తీసుకున్నాం.

1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు. 1960ల మొదట్లోకి వీసె, మణుగు పోయి కిలో వచ్చింది. అదే 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఇప్పుడు మనం జీసీసీ అంటున్న గిరిజన సహకార సంస్థ మొదలైంది. చింతపండు, కుంకుడుకాయ, తబసి బంక, తేనె, అడ్డాకు కొనాలి, ఉప్పు, కిరోసిన్, బట్టలు న్యాయమైన ధరకి అమ్మాలి, షావుకారిని మధ్యలోంచి తీసేయాలి, ఇదీ లెక్క. 1979లో ఒక రెగ్యులేషన్ తెచ్చి షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు హక్కు ఆ సంస్థకే ఇచ్చారు. మేం దీన్ని తక్కువ చేసి మాట్లాడం. డిపో వచ్చిన ఊళ్ళల్లో ఉప్పు కోసం షావుకారి కాళ్ళు పట్టుకోవడం తగ్గిందని మా ముసలివాళ్ళే చెబుతారు. రెండు మానికలు దాచుకున్నట్టు రెండు కిలో రాళ్ళు దాచుకోవడం కూడా అంత తేలిక కాదు, రాయి మీద ముద్ర ఉంటుంది. కాకపోతే ముద్ర చదవడం రావాలి. చదవడం వచ్చినవాడు అప్పటికి ఊళ్ళో ఎవడూ లేడు.

చదవడం రాకపోతే ఏమవుతుందో మన వైపు పెద్ద ఎత్తున తెలిసింది 1879లో. రంప తిరుగుబాటు అనగానే మనకి పరీక్షలో రాసే కారణాలు ఉన్నాయి. మన్సబ్‌దారు వసూళ్ళు, చిగురుపన్ను, ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీద కూడా నిషేధం, కల్లు కాంట్రాక్టు కింది వాళ్ళకి ఇవ్వడం. ఇవి రాస్తే మార్కులు వస్తాయి. ఇంకోటి కూడా ఉంది, మేం ఎప్పుడూ ఒక్క లైనులో దాటేసేవాళ్ళం. ఇప్పుడు మాకు అదే అన్నిటికన్నా దగ్గరగా ఉంది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్ళకి సరుకు, అప్పు ఇచ్చి, తీర్చలేదని కింద సివిల్ కోర్టులో దావా వేసేవారు. కోర్టు ఎక్కడో కింద. సమను వచ్చినా అందులో ఏముందో తెలియదు. తెలిసినా నడిచి వెళ్ళి, అక్కడ జ్వరం తెచ్చుకుని, భాష రాక, ఎవరిని అడగాలో తెలియక వెనక్కి రావాలి. కాబట్టి వెళ్ళేవారు కాదు. రాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ. డిక్రీ పట్టుకుని బంట్రోతులతో పైకి వచ్చి, చిన్న బాకీకి ఇంట్లో ఉన్న గొడ్లు, గింజలు అన్నీ తోలుకుపోయేవారు. తిరుగుబాటు అణిచాక కారణాలు వెతికిన ప్రభుత్వానికి ఈ సంగతి కూడా తెలిసింది.

చూడండి, అది కూడా ఒక చిన్న పనే. ఒక రోజు వెళ్ళి కోర్టులో నిలబడి రావడం. మైదానంలో వాడికి అది సగం రోజు పని. మనకి అది కుదరని పని. కుదరని ఆ ఒక్క రోజుకి ఆస్తంతా పోయింది. మార్చిలో చోడవరం వైపు మొదలైంది, గూడెం, రేకపల్లె దాకా పాకింది. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీస్ స్టేషన్ తగలబెట్టాడు. కారంతమ్మన్నదొరని పట్టుకోవడానికి బలగాలు కొండలన్నీ తిరిగేయి. ఏడాది దాటి నడిచిన పోరాటానికి 'కల్లు పన్ను' అని ఒక్క పేరు పెడితే చాలదని మా అభిప్రాయం.

మనవాళ్ళు తమ పని మీద కిందకి దిగడం ఒకటైతే, వాళ్ళ పని మీద మనల్ని తిప్పడం ఇంకోటి. దొర క్యాంపుకి వస్తే సామాన్లు మోయాలి, కట్టెలు తేవాలి, కోడి ఇవ్వాలి, ఉత్తరం పట్టుకుని పక్క ఊరికి పరిగెత్తాలి. కూలి ఇస్తే ఇచ్చినట్టు. దీన్ని వెట్టి అన్నారు. అప్పు కింద మనిషే చాకిరీకి వెళ్ళిపోతే మా వైపు గొత్తి అన్నారు. గొత్తికి వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో వడ్డీ లెక్క కట్టేవాడికే తెలియాలి. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో దాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. అప్పటికి ఎన్ని తరాలు పోయాయో.

1922 ముందు గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించాడు. మనవాళ్ళ చేత వేయించాడు, సరైన కూలి ఇవ్వలేదు. అడవి చట్టాలతో పోడు ఆగిపోయింది, గొడ్లు మేపితే జరిమానా. ఆ మీద ఈ రోడ్డు పని. గాం గంటందొర, మల్లుదొర లాంటి వాళ్ళకి అప్పటికే ఆ తహసీల్దారుతో పడేది కాదు. అల్లూరి సీతారామరాజు దగ్గరకి వాళ్ళు ఊరికే చేరలేదు. ఆ తర్వాత మీకు తెలుసు. 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు.

ఇందులో మాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. స్టేషన్లో తుపాకులు తీసుకుని ఊరికే వెళ్ళిపోలేదు, ఏమేం తీసుకున్నారో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళేరు. మా రూంలో దీని మీద పెద్ద నవ్వు. మనవాళ్ళు ఆఫీసుకి వెళ్ళి ఒక్క రోజులో పని ముగించుకుని, రాతకోతలన్నీ పూర్తి చేసి బయటికొచ్చింది అప్పుడేనేమో! మేం నాలుగుసార్లు తిరిగినా దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు ఇవ్వలేదు. అడిగితే "ఎందుకు, నమ్మకం లేదా?" అన్నారు.

ఆసిఫాబాద్ వైపు అన్నలకి కూడా ఇదే కథ ఇంకో రకంగా తెలుసు. జోడేఘాట్, బాబేఝరి చుట్టూ పన్నెండు ఊళ్ళ భూమి అడుగుతూ కుమ్రం భీము నిజాం సర్కారుకి అర్జీ పట్టుకుని హైదరాబాదు దాకా వెళ్ళాడని, లోపలికి రానివ్వలేదని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1940లో జోడేఘాట్‌లో కాల్పులు. ఆ తర్వాత సర్కారు హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపి అసలు గోండుల బాధ ఏమిటో రాసుకు రమ్మంది. అడవి గార్డులు, పట్వారీల మామూళ్ళు ఆయన రాతల్లో కనిపిస్తాయి. చచ్చాక వచ్చి ఏం కావాలని అడగడం అక్కడే కాదు, రంపలోనూ అదే జరిగింది.

మా వైపు నుంచి శ్రీకాకుళం కొండలు దూరం కాదు. అక్కడ వెంపటాపు సత్యం మాష్టారు, ఆదిభట్ల కైలాసం ఉన్న రోజుల్లో గిరిజన సంఘం మొదట అడిగినవి ఏమిటి? వెట్టి వద్దు, పాలేర్లకి, కూలీలకి కూలి పెంచాలి, అడవి సరుకుకి ధర ఇవ్వాలి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన మహాసభకి నడిచి వెళ్తున్న వాళ్ళ మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. వాళ్ళు ఆ రోజు వెళ్తున్నది సభకి. చేతిలో జెండా తప్ప ఏమీ లేదని చెబుతారు.

ఇంత పెద్ద సంగతుల పక్కన మా ఎల్ సంగతి పెట్టడం సరైనదేనా అని మాలో ఇద్దరు గట్టిగా వాదించారు. "వాళ్ళు ప్రాణాలిచ్చారు, మనం నీలం ఫోటో కోసం ఏడుస్తున్నాం" అన్నాడు ఒకడు. నిజమే, రెండూ ఒకటి కాదు. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తుపాకీ చూపలేదు, కుర్చీలో కూర్చోమన్నవాళ్ళు కూడా ఉన్నారు. కానీ నానమ్మని అడిగితే ఆవిడకి 1922 తెలియదు. చిన్న మానిక తెలుసు. అది కొలిచినవాడి చెయ్యి తెలుసు. మనవాళ్ళకి కోపం ముందు అక్కడ మొదలై ఉంటుంది, పరీక్షలో రాసే కారణాలు తర్వాత చేరి ఉంటాయి.

వేలిముద్ర సంగతి కూడా చెప్పాలి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు కంకర కాంట్రాక్టు మీద ఒక బెంగాలీ కాంట్రాక్టర్ అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు కాదనకుండా. మన దేశంలో సర్కారు ముద్ర అలవాటు అక్కడ మొదలైంది. మన కొండల మీదకి అది ప్రోనోటుగా వచ్చింది. షావుకారు ఖాళీ కాగితం మీద బొటనవేలు పెట్టించుకునేవాడు, అంకె తర్వాత రాసుకునేవాడు. ఇవి చూసే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టం తెచ్చింది. ఏడాదికి నూటికి 24 కన్నా వడ్డీ చెల్లదు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదు, కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకి అనుమతి లేకుండా పోకూడదు. ఆ తర్వాత వచ్చిన 1959 రెగ్యులేషన్, 1970లో వచ్చిన 1/70, అన్నిటికీ తాత అదే.

ఇప్పుడు రేషన్ దగ్గర మిషను ఉంది. పసుపు కొమ్ములు ఒలిచి, కాఫీ కోసి, గడ్డి పీకి అరిగిపోయిన వేళ్ళు ఆ మిషను గుర్తు పట్టదు. నానమ్మ నాలుగు వేళ్ళూ మార్చి మార్చి పెడుతుంది, కొంగుతో తుడుస్తుంది, మళ్ళీ పెడుతుంది. "అప్పుడు ఏలు ఎట్టినందుకు భూమి పోయింది, ఇప్పుడు ఏలు పడక బియ్యం రావట్లేదు" అని నవ్వుతుంది. ఓటీపీ పెట్టుకోవచ్చు కదా అంటారు. సిగ్నల్ కోసం చింతచెట్టు దాటి గట్టెక్కాలి. ఎక్కి ఓటీపీ చూసి దిగి వచ్చేసరికి దాని టైం అయిపోతుంది. మా చిన్న తమ్ముళ్ళు ఇప్పుడు గట్టు మీద నిలబడి అంకెలు గట్టిగా కేకేస్తారు, కింద ఇంకొకడు వింటాడు. ఇదీ మన కమ్యూనికేషన్.

ఆఫీసుల దూరం మాత్రం తగ్గింది, ఒప్పుకోవాలి. ముందు తాలూకా. 1985లో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు జిల్లా కేంద్రం అయింది. విశాఖపట్నం కలెక్టరేటుకి ఘాట్ దిగాల్సిన పని మాకు తప్పింది. అదే రోజు చింతూరు, ఎటపాక వాళ్ళకి కూడా పాడేరే జిల్లా కేంద్రం అయింది. వాళ్ళని అడగండి అప్పుడు ఎలా ఉండేదో. కుల ధ్రువపత్రాలకి 1993 చట్టం ఉంది, 1997 నిబంధనలు ఉన్నాయి. కొన్ని తెగలకి ఎమ్మార్వో ఇస్తే చాలదు, ఆర్డీవో స్థాయిలో ఇవ్వాలి. కొండదొర, కొండకాపు, మన్నెదొర లాంటి పేర్లతో మైదానంలో దొంగ సర్టిఫికెట్లు పుట్టేయి కాబట్టి ఆ నిబంధన పెట్టారు. మంచి నిబంధనే. దొంగవాడి కోసం పెట్టిన తాళం ముందు మాత్రం నిలబడేది మనమే.

ఇప్పుడు మా గురించి కూడా ఒక మాట. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు తేల్చుకోలేదు. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్తే మా దగ్గరకి అందరూ కాగితాలు పట్టుకుని వస్తారు. చదువుకున్న పిల్లలు మేమే కదా. మొదట్లో ఊరికే రాసిచ్చేవాళ్ళం. తర్వాత జిరాక్స్‌కి అని, ఆన్‌లైన్‌కి అని, బండి పెట్రోలుకి అని యాభై తీసుకున్నాం. ఒకసారి వరసకి పిన్ని అయ్యే ఆవిడ చీర కొంగు ముడి విప్పి యాభై ఇచ్చి, "సరిపోద్దా నాయనా?" అంది. ఆ దరఖాస్తుకి అసలు ఫీజు లేదు. ఆవిడకి తెలియదు. నానమ్మ చెప్పిన షావుకారికి కూడా చదవడం వచ్చు అన్న ఒక్క తేడానే ఉండేది. ఈ సంగతి రూంలో మాట్లాడుకున్నాక ఆ యాభై తిరిగి ఇచ్చేం. మిగతావి ఎవరెవరి దగ్గర తీసుకున్నామో అన్నీ గుర్తు లేవు.

ఎల్ దగ్గరికి వస్తాం. మావాడు ఆధార్ మార్పించనన్నాడు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి అడిగితే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, "ఫీజు ఎంతవుద్ది?" అని ఒక్క మాట అడిగేడంట. కాఫీ ఇంకా పచ్చిగానే ఉంది. ఆవు ఉంది గదా అన్నాడంట. ఆవు వద్దని చెప్పి, మేం మెమో దారిలోనే వెళ్దాం అనుకున్నాం.

దానికి మావాడు చిన్నప్పుడు చేరిన ఆశ్రమ పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్ కావాలి. వెళ్ళేం. బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలియడానికి ఒక పూట. తీసేక చెద పట్టిన రిజిస్టర్లు, బల్లి గుడ్లు. ఒక ముసలి అటెండరు తాత మాతో పాటు నేల మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పేడు. ఆ పేజీలో సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టేరు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది, మా ఊళ్ళకి అది నడిచి రావడానికి ఇంకా టైం పట్టింది. మాష్టారు పిల్లల్ని నిలబెట్టి, ఎత్తు చూసి, చెయ్యి తల మీంచి అవతలి చెవికి అందుతుందా చూసి తేదీ రాసేవారు. మాలో ముగ్గురికి ఒకే పుట్టినరోజు అలాగే వచ్చింది.

మావాడి వరస దొరికింది. నీలం సిరా. తెలుగులో గుండ్రంగా 'కిల్లో' అని ఉంది. ల కింద వత్తు కొంచెం పెద్దదిగా, పక్క గడిలోకి కూడా వెళ్ళింది. ఆ మాష్టారు ఎవరో గానీ మమ్మల్ని అడిగి విని రాసినవాడు. తర్వాత పదో తరగతిలో నామినల్ రోల్ ఇంగ్లీషులో ఎక్కించినప్పుడు ఎవరో ఒక ఎల్ వదిలేసేరు. సరిచూసి సంతకం పెట్టమని మావాడికి ఇచ్చేరు కూడా. మావాడు చూడకుండా పెట్టేడు. ఆ రోజు ఆదివారం భోజనంలో గుడ్డు ఉందని తొందరలో ఉన్నానంటాడు.

రిజిస్టర్ పేజీ ఫోన్లో ఫోటో తీసుకున్నాం. వాళ్ళ నాన్నకి పంపేం. ఆయనకి చదవడం రాదు. "పులి ఉందిరా" అని ఫోన్లో చెప్పేడు మావాడు.

నకలు రాసి పెట్టేం. హెచ్‌ఎం సంతకం, స్టాంపు కావాలి. హెచ్‌ఎం ట్రైనింగుకి వెళ్ళేరు, సోమవారం వస్తారంట. గడువు ఆ తర్వాతి గురువారం. అటెండరు తాత కాగితం జాగ్రత్తగా ఒక ఫైల్లో పెట్టి, "తొలి బస్సుకే వచ్చేయండి బాబూ, పదకొండు దాటితే మళ్ళీ ఎల్లిపోతారు" అన్నాడు. ఈసారి మేం ఆరుగురం వెళ్తున్నాం.